బూటు కింద బంతి

వేరే రాష్ట్రంలో బీఎడ్ చదువుతూ ఒక బడిలో పాఠాలు చెబుతున్న రోజులవి. కామ్‌రేజ్ నుంచి అమ్రోలి వెళ్లే బస్సులో, ఫుట్‌బాల్‌ను కాళ్ల దగ్గర పెట్టుకుని, మరునాటి పాఠం గురించి అమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడాను. ఫోన్ పెట్టేయగానే, నా మాటలు విన్న ఎదుటి సీటులోని తెలుగు పెద్దాయన బూటుకాలితో నా బంతిని అదిమిపట్టాడు.

“టీచరమ్మవు అయితవట. ఆడపిల్లకు గీ బంతేంది?”

“కాలు తియ్యుండ్రి.”

“నా బిడ్డ గిట్లనే ఎగిరేది. దాని బంతిని నేనే కోసి పారేసిన.”

నాకు ఒళ్లు మండింది. “ఇప్పుడు ఆమె మీతోని మాట్లాడుతదా?” అన్నాను.

అతను కాలు తీశాడు. దిగేదాకా మళ్లీ నా వైపు చూడలేదు.

మరునాడు బడిలో, ఆడపిల్లలను మైదానానికి పంపనన్న పెద్ద టీచరును, ఎందుకు పంపరని అడిగాను. ఆ బంతితో పిల్లలను నేనే మైదానానికి తీసుకెళ్లాను.