చిట్టీలో ఆఖరి పంక్తి

ముప్పై ఏళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. ఇంగ్లీషు మాట. దాన్ని తప్పు చదివాను. అది నేరం కాదు; ఎవరూ నేర్పకుండా చదువుకున్నవాడికి తప్పులు రావా? తప్పు చదివానని తెలిశాక నేను చేసింది నేరం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. వినండి, చాలు.

మాది గద్వాల. చీరలు నేసే ఇల్లు. బడికి పోయింది మూడేళ్లే. మిగతాదంతా పొట్లాలు కట్టిన కాగితాల మీదా, వనపర్తిలో కొన్న ఒక చిరిగిన నిఘంటువులోనూ నేర్చుకున్నాను. మా వీధికి ఏ కాగితమొచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. అప్పటి నా గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

తొంభైల మొదట్లో మా తమ్ముడు చెన్నయ్య కూతురు జ్వరంతో పోయింది. నాలుగేళ్ల పిల్ల. ఆ తర్వాత వాడు మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. నిద్ర లేదు, మాట లేదు. మరదలు బతిమాలి బతిమాలి కర్నూలు తీసుకుపోయి ఒక దవాఖానలో చూపించింది. డాక్టరమ్మ చాలాసేపు ఏదో చెప్పిందట, ఇద్దరికీ బుర్రకెక్కలేదు. ఆమె రాసిచ్చిన మందుల చిట్టీ తెచ్చి నా చేతికిచ్చారు. గోలీల పేర్ల కింద ఆఖరి పంక్తి చదివాను: ప్రతి గురువారం కౌన్సిలర్‌ను కలవాలి.

నాకు తెలిసిన కౌన్సిలర్ ఒక్కడే, మా వార్డు నుంచి మున్సిపాలిటీకి గెలిచినాయన. ఇంగ్లీషులో అదే పలుకుతో ఇంకో మాట ఉందని, రాతలో ఒకటి రెండక్షరాలే తేడా అని నాకేం తెలుసు? తెలుగులో ఆ తేడా కూడా లేదు. బీదతనమే రోగమనుకుని డాక్టరమ్మ ఏదైనా సాయం అడగమందని విడమరిచి చెప్పాను. నమ్మారు. ఎందుకు నమ్మరు?

గురువారం నేనే తీసుకుపోయాను. కౌన్సిలర్ ఇంటి అరుగు మీద పదిమంది. ఏం కావాలని ఆయన అడిగాడు. నెలల తరబడి నోరు తెరవని మా తమ్ముడు అక్కడ తెరిచాడు. కళ్లు మూస్తే బిడ్డ పిలుస్తోందని, నిద్ర రావడం లేదని, డాక్టరమ్మ మీకే చెప్పుకొమ్మందని చెప్పాడు. వెనక నుంచి ఎవడో అన్నాడు: "సారూ, గీయనకు జర నిద్ర మంజూరు జేయుండ్రి." అరుగంతా నవ్వింది. కౌన్సిలర్ కూడా. నేను నవ్వలేదు. కానీ తమ్ముడి చెయ్యి పట్టుకుని లేచి రాలేదు కూడా, నేల చూస్తూ కూర్చున్నాను.

రెండు వారాలకు గోలీలు తేవడానికి నేనొక్కణ్నే కర్నూలు పోయాను. ఆ దవాఖానలోనే ఒక తలుపు మీద చిట్టీలోని ఆ మాటే రాసి ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఒక ముసలామె ఏడుస్తూ చెప్పుకుంటోంది, ఎదురుగా ఒకాయన వింటున్నాడు. నవ్వడం లేదు. ఎవరాయన అని కాంపౌండర్‌ను అడిగితే, మనసులో బాధ వినేటాయన, గురువారాలే వస్తాడు అన్నాడు.

అక్కడే అంతా అర్థమైంది. బస్సులో వస్తూ నాకు నేను ఎన్ని సాకులు చెప్పుకున్నానో! ఇది పిచ్చోళ్లు పోయే గది. మనవాళ్లెవరైనా చూస్తే ఇంటికే ముద్ర పడుతుంది. మాట్లాడితే రోగం పోతుందా, ఇంట్లో మేమంతా లేమా? ఇప్పుడు ఇవే మాటలు చదువుకున్న కుర్రవాళ్ల నోట వింటే ఒళ్లు మండిపోతుంది. ఇవి నా బొంకులు. అసలు సంగతి వేరు. చదవడం రాదని వీధంతా నవ్వుతుందని భయపడ్డాను. తమ్ముడి మీద పడ్డ నవ్వు నా మీద పడకూడదనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి వాడు గడపలో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆ చిట్టీల ఇంకేమన్న రాసుండెనా?"

"ఏం లేదు. గోలీలు మింగి మగ్గంల కూసో. గంతే."

"మళ్లొకసారి సూడరాదె."

"నాకు సదువు రాదనుకుంటున్నవా?"

"గట్ల గాదన్నా. నువ్వు సెప్తే అయిపాయె."

మళ్లీ అడగలేదు. తొమ్మిదేళ్లు బతికాడు. దాన్ని బతుకంటారా? తిండి పెడితే తిన్నాడు, పిలిస్తే తల తిప్పాడు. మగ్గంలో మరదలు కూర్చుని ఇల్లు నడిపింది. ఒకరోజు పొద్దున వాడు లేవలేదు.

ఆ గదికి తీసుకుపోతే బాగుపడేవాడా? తెలియదు. తెలియకపోవడమే నాకు మిగిలిన శిక్ష. తగ్గించమని ఎవరినీ అడగను.

మరదలు ఇప్పటికీ అంటుంది, "ఆయన రోగానికి మందే లేకుండె బావా" అని. ఇన్నేళ్లూ తల ఊపాను.

ఉండేదమ్మా. గురువారం గురువారం ఉండేది. నాకు తెలుసు.