ఫోను నుదుటి మీద బొట్టు

2018 నాటి మాట. గవర్నర్‌పేటలో నేను సెల్ షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. చవక స్మార్ట్‌ఫోన్లు వచ్చి బటన్ ఫోన్లను ఊడ్చేస్తున్న రోజులవి. గన్నవరం నుంచీ కొండపల్లి నుంచీ జనం బస్సు దిగి నేరుగా వచ్చి "టచ్ ఫోన్ చూపించండి" అనేవాళ్లు. షట్టరు ఎత్తితే టీ తాగే తీరిక ఉండేది కాదు. నా చేతికొచ్చిన ఫోను బాగుపడకుండా వెళ్లదని కాస్త గర్వం కూడా ఉండేది లెండి.

ఆ గర్వం దించింది రత్నమ్మగారు. కొండపల్లిలో ఆవిడా, భర్తా బొమ్మలు చేస్తారు. నా దగ్గర ఆరువేల ఫోను కొని, వారం తిరక్కుండా వెనక్కొచ్చారు. కాల్ మాట్లాడటం మొదలుపెట్టగానే స్క్రీన్ నల్లబడిపోతోంది, కట్ చేయడానికి కుదరడం లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేశాను, అంటే కొన్ననాటి స్థితికి తెచ్చాను. రెండోసారి వస్తే సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ ఎక్కించాను. మూడోసారి ఆవిడ వచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

"కొంప మునిగింది రఫీ! హైదరాబాద్ షాపాయన దసరా కొలువు బొమ్మల ఆర్డరు గురించి ఫోన్ చేశాడు. మాటలయ్యాక కట్టయిందనుకుని మావారు, 'వీడంత పిసినారిని నేనెక్కడా చూళ్ళేదే' అన్నారు. ఆయనింకా లైన్లోనే ఉన్నాడయ్యా!"

నాకు నవ్వాగలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి ఫోను చేతిలోకి తీసుకున్నాను.

"బతిమాలితే ఇవాళ నాలుగింటికి మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు. ఇదే ఆఖరన్నాడు. ఈ ఆర్డరు పోతే ఈ ఏడు మాకు పని లేనట్టే."

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. డిస్‌ప్లే మార్చాలి, రెండ్రోజులు పడుతుంది అనబోయి, చివరిగా ఒకసారి చూద్దామని ఆ ఫోనుకి నేనే కాల్ చేసి, ఎత్తి బల్ల మీద పెట్టాను. అది చెవి దాకా వెళ్లకుండానే స్క్రీన్ ఆరిపోయింది. ఫోను పైభాగంలో ప్రాక్సిమిటీ సెన్సర్ అని చిన్న కన్ను ఉంటుంది. చెవి దగ్గరకొచ్చిందని తెలియగానే, చెంప తగిలి ఏదీ నొక్కుకుపోకుండా అది స్క్రీన్ ఆర్పేస్తుంది. మరి బల్లకి చెవి ఎక్కడిది?

సరిగ్గా ఆ కన్ను మీద ఎర్రటి బొట్టు ఉంది. మూడుసార్లూ దాన్ని చూశాను. దేవుడి దగ్గర పెట్టిన బొట్టు, ముస్లింనైన నేను చెరిపితే ఏమనుకుంటారోనని దాని జోలికే పోలేదు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. ఈ బొట్టు..."

"అదా? కుంకుమైతే చెరిగిపోద్దని మావారు ఎనామిల్ రంగుతో పెట్టారు. బొమ్మలకి కళ్లు దిద్దే కుంచెతో!"

"అదే అడ్డమండీ. తీసెయ్యాలి."

"తీసెయ్యవయ్యా మహానుభావా! ఈ మాట మొదటిరోజే అనొచ్చుగా?"

రంగు కరిగించే థిన్నర్‌లో ముంచిన దూదితో జాగ్రత్తగా తుడిచాను. నాలుగు దాటిన ఐదు నిమిషాలకి ఫోన్ మోగింది. ఆవిడ ఫోను నా వైపు తోస్తే నేనే ఎత్తి స్పీకర్ నొక్కాను.

"అమ్మా, పిసినారిని మాట్లాడుతున్నాను," అంది అవతలి గొంతు. ఆపైన పెద్ద నవ్వు. "మీ ఆయన్ని ఏమీ అనకండి, మా ఆవిడా అదే అంటుంది. పోయినేటి లెక్కనే పంపండి, ఏనుగు అంబారీలు మాత్రం ఎక్కువ వెయ్యండి."

మాటలయ్యాక ఆవిడ ఎర్ర గుర్తు నొక్కారు. కాల్ కట్టయింది. సరిపోలేదన్నట్టు నాకు చూపించి మరీ అడిగారు, "నిజంగా కట్టయిందా?" అయిందని మూడుసార్లు చెప్పాను. అప్పుడు పర్సులోంచి కుంకుమ పొట్లం తీసి నా ముందు పెట్టారు.

"ఎక్కడ పెడితే అడ్డం రాదో నీకే తెలుసు. నువ్వే పెట్టు."

వెనకవైపు, కెమెరాకి దూరంగా, వేలితో బొట్టు పెట్టాను. నా సర్వీసులో అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు.

సెన్సర్ సంగతి నాకు తెలియక కాదు ఆ ఫోను మూడుసార్లు వచ్చింది. గౌరవం అనుకుని నేను దూరంగా నిలబడ్డాను, ఆవిడేమో నన్ను ఎప్పుడో ఇంటిమనిషిని చేసుకున్నారు. అడగడానికి మొహమాటపడింది నేనొక్కణ్ణే.