పెద్దాయన డాబా మీది నెట్ పెట్టె

నల్లగండ్లలో మా వీధికి ఇప్పుడు మూడు కంపెనీల ఇంటర్నెట్ ఉంది. అయినా నాకు బెంగంతా వేపకొమ్మల మధ్య నుంచి, డాబాల మీదుగా వేలాడుతూ మా ఇంటికొచ్చిన ఆ పాత నల్ల వైరు మీదే. అప్పట్లో గట్టిగా గాలి వీస్తే చాలు, ఎక్కడ తెగిపోతుందోనని కిటికీలోంచి దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

పాప పుట్టాక, ఇంట్లో మంచి నెట్ ఉంటేనే ఇంటి నుంచి పని చేయనిస్తామంది మా ఆఫీసు. లేకపోతే ఉద్యోగం మానుకోవాల్సిందే. లింగంపల్లిలో ప్రభుత్వ టెలిఫోన్ ఆఫీసు చుట్టూ తిరిగితే, మీ వీధికి కేబుల్ వేయడానికి నిధులు రాలేదన్నారు. ప్రైవేటు కంపెనీ వాళ్ళు పదిళ్ళ కోసం తవ్వలేమన్నారు. చివరికి దారి చూపించింది గోపన్‌పల్లి నుంచి వచ్చే మా టీవీ కేబులాయనే. వీధివాళ్ళు తలా కొంత వేసుకుంటే వైరు తను లాగుతానన్నాడు.

అందరూ సరేనన్నారు, వీధి మధ్య ఇంట్లో ఉండే రిటైర్డ్ ఇంజినీరు గారు తప్ప. ఆయనదీ మా కోస్తానే.

"నెట్టు కూడా రోడ్డులాంటిదేనండి, ప్రభుత్వమే వేయాలి. మనం చందాలేసుకుంటే వాళ్ళింక ఎప్పటికీ వేయరు," అన్నారు.

చంకలో పిల్లతో నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఉద్యోగం ఊడిపోతుంటే ఈయనకు సిద్ధాంతాలు కావాల్సొచ్చాయి.

వైరొచ్చింది, ఉద్యోగం నిలిచింది. నెట్ పోతే, మీకూ పోయిందా అని గోడల మీంచి కేకేసుకునేవాళ్ళం. అది వచ్చేదాకా కాఫీలు, కబుర్లు. ఎంత బాగుండేవో ఆ రోజులు. ఒక్కటే నాకు మింగుడుపడలేదు. వీధి మధ్యలో ఉందని సిగ్నల్ పెట్టె ఆ పెద్దాయన డాబా మీదే పెట్టారు. పెట్టెకు చోటూ కరెంటూ ఇచ్చిన ఇంటికి కనెక్షన్ ఉచితం, అది కేబుల్ వాళ్ళ పద్ధతి. పైసా ఇవ్వనన్న మనిషి ఊరికే వాడుకుంటున్నాడని ఏళ్ళ తరబడి రుసరుసలాడాను. ఎదురైతే నమస్కారం కూడా పెట్టేదాన్ని కాదు.

కంపెనీలు వచ్చాక కేబులాయన తన వైరు చుట్టుకుపోవడానికి వచ్చాడు. టీ ఇస్తూ, పెద్దాయనకు ఇక ఉచిత నెట్ లేనట్టేగా అన్నాను. అతను కప్పు కింద పెట్టాడు.

"సారు ఒక్కనాడు గూడ నెట్టు పెట్టుకోలే మేడం. పైసలియ్యనోనికి కనెక్షన్ ఎందుకన్నరు. కరెంటు పోతే ఇంట్ల ఫ్యాన్లు బంద్ చేసి, ఇన్వర్టర్ పెట్టెకిచ్చేటోళ్ళు. ఆ అమ్మాయి కొలువు పోవద్దన్నరు."

ఎండాకాలం కరెంటు కోతల్లోనూ నా మీటింగులు ఆగకపోవడం మా ఇన్వర్టర్ చలవే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే వాళ్ళ గేటు దాకా వెళ్ళాను. పెద్దాయన మొక్కలకు నీళ్ళు పడుతున్నారు. నన్ను చూడగానే, నమస్కారం పెట్టాల్సిన ఇబ్బంది నాకు కలగకూడదన్నట్టు, తనే అటు తిరిగి నిలబడ్డారు.