మా తోటికోడలి ఇంట తెల్లగా పుట్టిన గుర్రప్పిల్ల

మా తోటికోడలు పోయింది. పొద్దున్నే మరిది ఫోన్ చేసి, "వదినా, మనిషి నేదొదినా" అన్నాడు. టీ తాగుతూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయిందట. గుండె అన్నారు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఎవరికో ఏదో అయిందనుకునే ఎత్తుతాను నేను. ఇన్నాళ్లూ అది గ్యాస్ బండి కబురో, రాంగ్ నంబరో అయ్యేది. ఈసారి నా భయమే నిజమైంది. బీపీ నాకు, షుగరు నాకు, నిద్ర పట్టనిది నాకు. పోయింది మాత్రం ఒక్క మాత్ర మింగని తను.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. కానీ ఆవిడ గుర్రాల సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

తొంభైల్లో మేమిద్దరం కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన ఒకే ఇంట్లో కాపురం చేశాం. గేటు పడితే నేను రైలు వెళ్లిపోయి గేటు లేచేదాకా కదిలేదాన్ని కాదు. తను చంకలో కూతుర్ని పెట్టుకుని కిందనుంచి దూరి వెళ్లిపోయేది. అవతల నిలబడి, "రైలుకి మన మీద పగేటక్కా? దాని దారిన అది పోతాది" అనేది. నేను కేకలేస్తే నవ్వేది. "బయ్యమంతా నువ్వే పడిపోతే నాకేటి మిగుల్తాదక్కా?" ఆ మాట వెయ్యిసార్లు అని ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు నొక్కి చూడకుండానే గంజి వార్చేసేది. ఒక్కనాడూ పలుకు తగల్లేదు. పడుకోగానే నిద్రపోయేది. ఆ గురక వింటూ నేను తెల్లవార్లూ గ్యాస్ కట్టామా లేదా అని ఆలోచించేదాన్ని.

తర్వాత వాళ్లు గోపాలపట్నంలో ఇల్లు కట్టుకుని వెళ్లారు. కూతురు డిగ్రీలో చేరాక ఇంటికి కంప్యూటరు వచ్చింది. అందులో గుర్రాలు పెంచే ఆట ఒకటి ఉండేది. మగ గుర్రాన్నీ ఆడ గుర్రాన్నీ ఎంచి జత కడితే పిల్ల పుడుతుంది. తల్లిదండ్రుల రంగులూ మచ్చలూ లెక్క ప్రకారం పిల్లకి వస్తాయి. మొదట కూతురు ఆడేది. కొన్నాళ్లకి తల్లి ఆడుతుంటే కూతురు పక్కన కూర్చుని ఇంగ్లీషు చదివిపెట్టేది. నేను వెళ్లినప్పుడల్లా కళ్లు పోతాయనీ, షాకు కొడుతుందనీ గోల పెట్టేదాన్ని. "ఒలమ్మా, గుర్రం తంతాదని కూడా అనక్కా, ఓ పనైపోద్ది" అనేది.

ఆవిడకి తెల్లమచ్చల గుర్రాలంటే ప్రాణం. ఒళ్లంతా గోధుమ రంగుండి, డొక్కల మీద సున్నం చిమ్మినట్టు తెలుపున్న మగ గుర్రం ఒకటుండేది. దానికి జత వెతుకుతూ, ముఖం మీద వెడల్పాటి తెల్లచారా, ఒక నీలి కన్నూ ఉన్న ఆడదాన్ని చూపించింది.

"ఇది ఈడికి మేనత్త కూతురక్కా. ఇంట్లో పిల్లుండగా బయట సంబంధం దేనికి?"

ముగ్గురం పడీపడీ నవ్వాం. జత కట్టింది. మర్నాటికి పిల్ల పుట్టింది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. చెవుల నుంచి గిట్టల దాకా పాలమీగడలా తెలుపు. కళ్లు నీలం. అంత అందమైన గుర్రప్పిల్లని నేను చూడలేదు. తను మురిసిపోయి వీధిలోవాళ్లని పిలిచి చూపించింది. నేనున్నాను గదా, దిష్టి తగులుతుందన్నాను.

ఆ మర్నాడు కంప్యూటరు తెరిస్తే పిల్ల లేదు. దాని చోట ఇంగ్లీషులో నాలుగు ముక్కలున్నాయి. కూతురు చదివి, మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ జాతి తెలుపు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర నుంచే వస్తే అందమైన మచ్చ అవుతుందట. ఇద్దరి దగ్గర నుంచీ వస్తే పిల్ల మొత్తం తెల్లగా పుడుతుందట. పైకి బాగానే ఉంటుంది, లోపల పేగులు పనిచెయ్యవు. పాలు తాగుతుంది, అవి కదలవు, రెండో రోజుకి చచ్చిపోతుంది. నిజం గుర్రాలకీ ఇంతేనట.

"మరి ఆ తల్లికీ తండ్రికీ ఏటీ కానేదేటే?" అని అడిగింది తను.

"ఆళ్లకి ఒక్కోటే ఉన్నాదమ్మా. ఆళ్లు బానే ఉంటారు."

ఆవిడ ఆట మానుతుందనుకున్నాను. మానలేదు, పట్టుదలగా నేర్చుకుంది. ఏ తెలుపు చంపుతుందో ఏది చంపదో చూడగానే చెప్పేది. నల్లగా పుట్టి వయసుతో తెల్లబడే గుర్రాన్ని చూపించి, "దీనికేటీ కాదక్కా, మన తల నెరిసినట్టే" అనేది. ఒకసారి ఒంటి మీద తెలుపన్నదే లేని గుర్రానికి ఆటలోనే ఉండే రక్తపరీక్ష చేయిస్తే, దానిలోనూ ఆ చంపే తెలుపు దాగి ఉందని వచ్చింది. ఆ రోజు దాన్ని తెర మీద అటూ ఇటూ తిప్పి తిప్పి చూసింది. కడిగిన ముఖంలా శుభ్రంగా ఉన్న గుర్రం. లోపల అది.

ఓ మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టి చింతపిక్కలు తెచ్చింది. కొన్నింటిని గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసింది. ఒక నల్లదీ ఒక తెల్లదీ నా గుప్పెట్లో పెట్టి, అలాగే రెండు తన గుప్పెట్లో పట్టుకుంది. "తెల్లది ఆ సంపే తెలుపక్కా. నువ్వు తల్లివి, నాను తండ్రిని. కళ్లు మూసుకుని ఒకటి కింద పడెయ్యి. నానూ ఏస్తాను." వేశాం. రెండూ తెల్లవే. నేను లేచి వెళ్లిపోబోయాను.

తను మాత్రం ఆ రెండు పిక్కలనీ చూస్తూ, "మాయమ్మకి పోయిన బిడ్డలు, మా తమ్ముడికి పోయిన పెద్దోడు, అందరూ పుట్టినప్పుడు బానే ఉన్నారక్కా" అంది. "పాలు తాగినారు. తర్వాత నీలిగిపోనారు. గాలి సోకిందన్నారు."

వాళ్ల పుట్టింట్లో తరాలుగా అన్నీ మేనరికాలే. తల్లిది మేనరికం, తమ్ముడిదీ మేనరికమే. ఈవిడొక్కతే బయట, మా ఇంటికి వచ్చింది. అయినా ఈవిడ కూతుర్ని ఆ తమ్ముడి రెండో కొడుక్కి ఇవ్వాలని ఉయ్యాల్లోనే అనుకున్నారు. పిల్లలిద్దరూ ఒకరినొకరు ఇష్టపడుతున్నారు కూడా. పెందుర్తి నుంచి బావ వస్తే ఈ పిల్ల అద్దం ముందు నుంచి కదిలేది కాదు.

"నాను బయటికొచ్చినాను, నా పిల్ల బతికినాది. మళ్లీ దాన్ని ఆ రగతంలోకే పంపనా అక్కా?" అంది. ఆవిడ గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి. ఆ రాత్రి తనకి నిద్ర పట్టలేదని మరిది చెప్పాడు. నాకు సరేసరి.

ఇద్దరం కలిసి ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఓపిగ్గా వింది. బిడ్డలు ఏ జబ్బుతో పోయారో తెలియకపోతే ఫలానా పరీక్ష అని చెప్పలేమంది. దగ్గర సంబంధమైతే ప్రమాదం ఎక్కువేగానీ, అవుతుందనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం అంది. ఆటలో గుర్రానికి దొరికే జవాబు మాకు దొరకలేదు.

తమ్ముడికి కబురు చెబితే వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. అక్కని అప్పా అనే పిలుస్తాడు.

"కంప్యూటర్లో గుర్రాలాట సూసి నా కొడుకుని కాదంతావా అప్పా? నా కొడుకేటి గుర్రవా?"

"గుర్రమైతే పరీచ్చ సేయించీదాన్నిరా" అంది తను.

అతను అటే వెళ్లిపోయాడు. రాకపోకలు ఆగిపోయాయి. కూతురు వారం పాటు తల్లితో మాట్లాడలేదు. ఆఖరికి ఒకనాడు నా ముందే అడిగింది. "నాలుగింటిలో మూడు బతుకుతాయి గదమ్మా, అది కూడా ఆటలోనే ఉన్నాది."

"బతికిన మూడింటినీ అందరూ ఎత్తుకుంటారే. సచ్చినదాన్ని ఎవరెత్తుకుంటారు?"

పిల్ల లేచి కంప్యూటరు కట్టేసింది. ఒప్పుకుందనీ తెలియదు, లేదనీ తెలియదు. బయటి సంబంధం ఏది తెచ్చినా "ఇప్పుడొద్దు" అనేది. అలా ఉండగానే తల్లి పోయింది.

పెద్దకర్మ రోజున తమ్ముడు పుట్టింటి బట్టలు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే అక్క ఫొటో ముందు కూలబడి ఏడ్చాడు. కార్యం అయ్యాక అందరిలోనూ అన్నాడు. "ఏడాది తిరక్కుండా పిల్ల పెళ్లి సేసెయ్యాల. అప్పకి పున్నెం. నేకపోతే మళ్లీ ఎప్పుడో. మావోడు సిద్ధంగా ఉన్నాడు." పెద్దవాళ్లందరూ తలలూపారు. మరిది ఏమీ తోచక నా వైపు చూశాడు. "నువ్వు పెద్దదానివొదినా, నువ్వు సెప్పు" అన్నాడు. గోడకి ఆనుకుని పిల్ల కూడా నన్నే చూస్తోంది. ఔననమంటోందో కాదనమంటోందో ఆ చూపులో నాకు తెలియలేదు.

రైలు వెళ్లి గేటు లేచేదాకా కదలని మనిషిని. అలాంటి నన్ను అడిగారు. ఔనంటే ఏమవుతుందో, కాదంటే ఈ అక్కాతమ్ముళ్ల బంధం చచ్చాక కూడా తెగిపోతుందేమో. మనుషులకీ గుర్రాలకీ ఒకటే లెక్క అని వాదించే తెలివి నాకు లేదు. నాకు తెలిసిన మాట ఒక్కటే.

"నాకు బయ్యమేస్తంది తమ్ముడూ" అన్నాను. "మీ అక్కకి కూడా ఏసినాది. జలమలో ఒక్కసారే."

అతనికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చాప మీద అలాగే కూర్చుండిపోయాడు. పిల్ల వచ్చి మేనమామ పక్కన, భుజం తగిలేంత దగ్గరగా కూర్చుంది. అతను ఎవరితోనూ కాదు, నేలతో అన్నట్టు అన్నాడు.

"మా పెద్దోడ్ని నానే కాటికి తీసుకెళ్లినానప్పా. మా ఆడది మంచం మీంచి నెగనేదు. ఈ సేతుల్తోనే. తువ్వాల్లో సుట్టితే బరువే నేదు. ఇంకోపాలి ఎత్తనేను" అన్నాడు.

ఆకులు వేశారు, భోజనాలు వడ్డిస్తున్నారు. అతని ముందూ అన్నం పెట్టారు. అతను తినలేదు. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, వేళ్లు కొంచెం ముడిచి, ఏదో జారిపోకుండా పట్టుకున్నట్టు, కదలకుండా కూర్చున్నాడు.