ప్రశ్నల ఉపవాసం

తార్నాకలో మా పక్కింటి ఆంటీ ప్రశ్నలకు సిటీబస్సులు కూడా ఆగి జవాబు చెప్పి వెళ్లేవంటే మీరు నమ్మరు. ఈస్టర్ ముందు లెంట్ ఉపవాసాల రోజుల్లో వాళ్లింట్లో ఒక్కొక్కరు ఒక్కో ఇష్టాన్ని వదిలేసేవారు. ఆ ఏడు అంకుల్ చాయ్ మానేస్తే, ఆంటీ ప్రశ్నలు మానేసింది.

ఒక శనివారం వాళ్ల కూతురు యూనివర్సిటీ నుంచి ఎవరో అబ్బాయి బండి మీద వచ్చి గేటు దగ్గర దిగింది. ఆంటీ చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. గోడకు ఇవతల నేనే ఉండబట్టలేకపోయాను. కాసేపటికి కూతురికే ఓపిక పోయింది.

"అమ్మా, ఏదో ఒకటి అడుగు! నువ్వు ఊకుంటేనే ఎక్కువ భయమైతున్నది."

ఆంటీ కొంగు తీసింది.

"రేపు ఆదివారం బిడ్డా, ఉపవాసం ఉండదు. చర్చి అయినంక ఆ పిల్లగాన్ని అన్నానికి తీసుకురా. ఇద్దర్నీ కూసోబెట్టే అడుగుతా."