క్రియలకు పుట్టిల్లు వెతికే మనిషి

మా మావ అప్పలసూరికి ఇంగ్లీషు వచ్చు. విజయనగరంలో ఇంగ్లీషు వచ్చి కూడా బాగుపడని మనిషి ఆయనొక్కడే అనుకుంటాను. రానివాళ్ళు దివ్యంగా ఉన్నారు. వాళ్ళు పెట్టిన కోచింగ్ సెంటర్లకు ఏసీలున్నాయి, గోడల నిండా టై కట్టుకున్న వాళ్ళ ఫొటోలున్నాయి. మావ సెంటరంటే కోట దగ్గర సైకిల్ షాపు మేడమీద ఒక గది, నాలుగు బెంచీలు, రాసీ తుడిచీ తెల్లబడిపోయిన నల్లబోర్డు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. శృంగవరపుకోట పక్క పల్లెలో వరీ నువ్వులూ పండించుకునే ఇల్లు వాళ్ళది. ఆ ఇంట్లో ఎమ్మే ఇంగ్లీషు చదివిన మొదటివాడు ఆయనే. ఆయన్ని చూశాక రెండోవాడు ఎవడూ ఆ సాహసం చెయ్యలేదు.

ఆయన జబ్బేమిటంటే, మాటకు అర్థం చెప్పి ఊరుకోడు. పుట్టిల్లు చెబుతాడు. మా వైపు కొత్త మనిషి ఎదురైతే పేరు అడిగిన వెంటనే "నువ్వు ఎవరి తాలూకా?" అంటారు. ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు, ఏ ఇంటివాడు, ఇవన్నీ తేలితేగానీ మంచినీళ్ళు కూడా ఇవ్వబుద్ధి కాదు మాకు. మావ ఇంగ్లీషు క్రియల్నీ అలాగే గుమ్మంలో నిలబెట్టి అడుగుతాడు. ఎవరైనా కుర్రాడు "సార్, రెయిజ్ అంటే ఏటండి?" అంటే "ఎత్తడంరా" అని పంపెయ్యొచ్చు కదా. పంపడు. "అది ఎవరి తాలూకానో ముందు సూద్దాం" అంటాడు. రైజ్ అంటే తనంతట తాను లేవడం. రెయిజ్ అంటే ఇంకొకదాన్ని లేపడం. రైజ్ ఇంగ్లీషు ఇంటి సొంత బిడ్డ. రెయిజ్ మాత్రం వెయ్యేళ్ళ కిందట ఉత్తరపు సముద్రం మీంచి ఇంగ్లండుకి పడవలెక్కి వచ్చినవాళ్ళ మాట. కోడలిలా వచ్చి ఇంట్లో పెత్తనమంతా తీసుకుంది. ఆ పని చెయ్యాల్సిన సొంత కూతురు రియర్ ఉంది కానీ, పాపం దానికి పిల్లల్నీ పశువుల్నీ పెంచే పనే మిగిలింది. ఈ కుటుంబ గాథ పూర్తయ్యేసరికి కుర్రాడి బస్సు వెళ్ళిపోతుంది.

అది చాలదన్నట్టు, ప్రతి క్రియనూ చేసి చూపించాలి. ఫాల్ అంటే బెంచీ మీంచి పడాలి. ఫెల్ అంటే పడగొట్టడం, పక్కవాణ్ణి పడెయ్యాలి. కింద సైకిల్ షాపువాడు పనాపి, కర్రతో పైకప్పు పొడిచేవాడు.

తర్వాత ఇంగ్లీషు నేర్పే యాప్‌లు ఫోన్లోకి వచ్చాయి. ఫోనుకు ఎవరి తాలూకాతోనూ పనిలేదు. నొక్కితే అర్థం చెబుతుంది, నోరు మూసుకుంటుంది. మావ బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

మా అత్త ఈశ్వరి జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. ఆవిడ మావకు మేనమామ కూతురే, అందుకే ఇప్పటికీ బావ అనే పిలుస్తుంది. ఒకరోజు కుట్టుమిషను ఆపి తీర్పు చెప్పింది.

"ఊరి బయట ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు మేష్టరు కావాలంట. ఎళ్ళు. ఉద్యోగం వస్తే నీ గది ఉంచు, సాయంత్రం ఎవరికి కావాలంటే ఆళ్ళకి పాఠాలు సెప్పుకో. రాపోతే గదికి తాళమేసి కోటలో మా తమ్ముడి కొట్లో కూకో. ఇంక నా వల్ల కాదు బావా."

కోట అంటే శృంగవరపుకోట. తమ్ముడంటే లక్ష్ముడు. ఎరువులు, విత్తనాలు, పశువుల దాణా అమ్ముతాడు. మావ ఆ కొట్టుకి ఎప్పుడు వెళ్ళినా గుమ్మం బయటే నిలబడేవాడు, లోపల కూర్చుంటే లేవలేనేమో అన్నట్టు. అందుకే "సరే" అన్నాడు.

"డెమో క్లాసంట. ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్ సెప్పి వొచ్చీ. ఏ మాట ఎవరి తాలూకానో ఆళ్ళకొద్దు" అంది అత్త.

"సెప్పను."

"ఒట్టు?"

"ఒట్టే."

నేను స్కూటర్ మీద తీసుకెళ్ళాను. దారిలో అడిగాను. "మావా, అత్త సెప్పింది గుర్తుందా?"

"ఉన్నాదిరా."

"మరి ఈరోజు ఏటి సెప్తావు?"

"ఎక్కువేం లేదురా. జతలు. ఓ అయిదు జతలు."

స్కూటర్ వెనక్కి తిప్పేద్దామనుకున్నాను. తిప్పలేదు.

ఆ కాలేజీ కరస్పాండెంటు మోహనకృష్ణ గారిది పాత బజారులో తాతల నాటి హోల్‌సేల్ కిరాణా. కందిపప్పు బస్తాలు ఎత్తించిన శ్రద్ధతోనే కాలేజీ కట్టించారు. గోడలు గట్టివి. ఆయన ప్రిన్సిపాల్‌తో కలిసి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను ఆ పక్కన గోడకి ఆనుకున్నాను. ముందు నిండా పిల్లలు, అందరి చూపూ బల్ల కింద ఫోన్లలో.

మావ సుద్దముక్క తీసుకుని "గుడ్ మార్నింగ్" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత బోర్డు మీద ఒక వరసలో సిట్, లై, ఫాల్, రైజ్, డ్రింక్ అని రాశాడు. పక్క వరసలో సెట్, లే, ఫెల్, రెయిజ్, డ్రెంచ్. అత్త ముందు వేసిన ఒట్టు అక్కడే సుద్దపొడిలో కలిసిపోయింది.

"ఇటు పక్కోళ్ళు తమ పని తాము సేసుకునేవోళ్ళు. అటు పక్కోళ్ళు ఇంకోళ్ళ సేత సేయించేవోళ్ళు. కూకుంటే సిట్, కూకోబెడితే సెట్. పడుకుంటే లై, పడుకోబెడితే లే. రెండూ ఒకే ఇంట్లో పుట్టినాయి. మధ్యలో అచ్చు ఒక్కటే మారింది, సూసేరా? మనకీ ఉన్నాయి. మునుగుతాడు, ముంచుతాడు. వంగుతాడు, వంచుతాడు. పెరుగుతాడు, పెంచుతాడు."

మూడో బెంచీలోంచి ఒకడు చెయ్యెత్తాడు. "సార్, ఇది ఇంటర్వ్యూలో అడుగుతారాండి?"

"అడగరు" అన్నాడు మావ.

క్లాసంతా నవ్వింది. ఉద్యోగానికి వచ్చిన మనిషి ఇచ్చే జవాబా అది? అడుగుతార్రా, ప్రతిచోటా అదే అడుగుతారు, అని ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది? మా ఊళ్ళో ఇంగ్లీషు చెప్పే ప్రతివాడూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఆడేస్తాడు ఆ అబద్ధం.

చివరి జత దగ్గరికి వచ్చేసరికి మావకు పూనకం వచ్చింది. "డ్రింక్ అంటే తాగడం. డ్రెంచ్ అంటే?"

"తడిసిపోవడం సార్" అన్నారు ఇద్దరు ముగ్గురు. వాళ్ళది తప్పేం కాదు, ఫోన్లో అదే ఉంటుంది.

"అది తర్వాత మాట. పుట్టినప్పుడు డ్రెంచ్ అంటే తాగించడం. ఇప్పటికీ పశువుల డాక్టర్లు అలాగే అంటారు. మీలో ఎద్దుకి మందు పట్టినోళ్ళు ఎవరున్నారు?"

ఎవరూ లేరు. ఉన్నా చెప్పరు. కాలేజీకి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినవాడు ఎద్దు సంగతి ఒప్పుకుంటాడా?

"ఒరే, నువ్వు రా" అని మావ మొదటి బెంచీలో బొద్దుగా ఉన్న ఒకణ్ణి లేపాడు. "నువ్వు ఎద్దువి."

"నేనా సార్?"

"నీకు కడుపు ఉబ్బిపోయింది. మేత ముట్టుకోటం లేదు. మీ నాన్న వెదురు గొట్టం కోసి దాంట్లో కషాయం పోసేడు. తల ఎత్తు. ఇంకా ఎత్తు. నోరు తెరు."

వెనకనుంచి ఎవడో "అంబా" అన్నాడు. మావ ఎడం చేత్తో వాడి గడ్డం పట్టుకుని, కుడిచేత్తో బల్ల మీద నీళ్ళ సీసా అందుకుని, నోట్లో ఎత్తి పోశాడు. సగం లోపలికి పోయింది, సగం చొక్కా మీద పడింది. వాడు దగ్గుతూ, నవ్వుతూ, "కొత్త షర్టు సార్!" అని గెంతాడు. అప్పటికి అందరి తలలూ ఫోన్లలోంచి లేచాయి.

"సూసేరా? తాగించబోతే తడిసింది. డ్రెంచ్‌కి తడపడం అన్న అర్థం ఇలాగే వొచ్చింది" అన్నాడు మావ, గెలిచినవాడిలా.

తాగించడం ముందరి అర్థం, తడపడం తర్వాతది అన్నంతవరకూ నిజమే. మధ్యలో చొక్కా కథ మాత్రం మావ సొంత వంట. తర్వాత వెతికాను, ఏ డిక్షనరీలోనూ లేదు.

తడిసిన ఆ ఎద్దు పేరు బాబీ. కరస్పాండెంటు గారి ఒక్కగానొక్క కొడుకు.

ఆఫీసు గదిలో మోహనకృష్ణ గారు కోప్పడతారనుకున్నాను. వ్యాపారస్థుడు బేరం తేలకుండా కోప్పడడు. కాఫీ తెప్పించారు.

"మాస్టారూ, క్లాసు కదిలింది. మావాడు ఇంటికొచ్చి పాఠం గురించి మాట్లాడడం ఈరోజే వింటానేమో. మీలో సరుకుంది. ఉద్యోగం మీదే."

మావ ముఖం వెలిగింది. నేను అత్తకు ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను.

"కాకపోతే, మీ సరుకు మాకొద్దు" అన్నారాయన. "హైదరాబాదు కంపెనీ వాళ్ళ దగ్గర స్లైడ్లు కొన్నాం. మీరు బటన్ నొక్కి, అందులో ఏముందో అది చదవాలి. ఒక్క ముక్క ఎక్కువొద్దు, ఒక్క ముక్క తక్కువొద్దు. అన్ని సెక్షన్లూ ఒక్కలా నడవాలి."

"ఆఖర్న ఓ అయిదు నిమిషాలు నా ముక్క సెప్పుకోనిస్తారాండి?"

"ఎందుకండీ?"

ఇన్నేళ్ళుగా అందరూ అడిగిన ప్రశ్న అదే, ఒక్కసారి కూడా తయారై రాలేదు ఆయన. కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. నేను బల్ల కింద నుంచి కాలితో తన్నాను, ఒప్పుకో అని.

"అయ్యా, మీ స్లైడ్లు మందు. పిల్లలు ఎద్దులు. నడుమ నాను గొట్టాన్ని" అన్నాడు చివరికి. "గొట్టానికి ఇంగ్లీషు రానక్కర్లేదండి. ఎవర్నైనా పెట్టుకోండి."

లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు. కాఫీ అలాగే ఉంది. మోహనకృష్ణ గారు నావైపు చూసి "మీరేం చదివారు బాబూ?" అన్నారు. అంటే గొట్టం కోసం అప్పుడే వెతుకుతున్నారన్నమాట. మధ్యలో మానేశానని చెప్పి నేనూ బయటపడ్డాను.

ఇంత పౌరుషం ఒలకబోసిన మనిషి, ఇంటి సందు మొదట్లో స్కూటర్ ఆపమన్నాడు. "ఉద్యోగం రాలేదని సెప్పేద్దాంరా."

"నువ్వు సెప్పుకో. నాను సెప్పను" అన్నాను.

చెప్పలేకపోయాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, గొట్టం మాటతో సహా. అది బాగా పేలిందని లోపల్లోపల సంతోషం కూడా ఉన్నట్టుంది. అత్త చేతిలో జాకెట్టు గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"అయితే నువ్వు గొట్టానివి అవ్వవు."

"అది కాదే ఈశ్వరీ..."

"నాను మిషన్నైపోలేదేటి బావా? పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరి కొలతకి ఆళ్ళకి కుట్టడమే. ఈ గుడ్డ ఎవరి తాలూకా అని నానెప్పుడైనా అడిగేనా?"

మావ క్రియలన్నీ ఆ గుమ్మంలో రాలిపోయాయి. మర్నాడు మేడమీది గదికి తాళం వేసి, తాళంచెవి సైకిల్ షాపువాడికిచ్చి, శృంగవరపుకోట బస్సెక్కాడు. గుమ్మం బయట నిలబడే మనిషి ఆ రోజు కొట్లోకి వెళ్ళి తవుడు బస్తా మీద కూర్చున్నాడు. లక్ష్ముడు బావని చూసి జాలిపడలేదు, తూకంరాళ్ళు చూపించాడు.

మొన్న అటువైపు పనిబడి కొట్టుకి వెళ్ళాను. బాగానే కుదిరి ఉంటాడనుకున్నాను. గుమ్మం పక్కన రేట్లు రాసే బోర్డుంది. పైన యూరియా, డీఏపీ, తవుడు, వాటి ధరలు. కింద సగంలో, అదే సుద్దతో, అదే చేతిరాత, తెలుగు అక్షరాల్లో. డ్రింక్, డ్రెంచ్.

"రోజూ తుడుస్తన్నాను. రోజూ కొత్త జత రాస్తన్నాడు" అని మొత్తుకున్నాడు లక్ష్ముడు. "నిన్న సిట్టూ సెట్టూ అంట. ఇది కొట్టా బడా? నువ్వైనా సెప్పు."

చెప్పి ఎవరు బాగుపడ్డారు? ఉద్యోగం కాళ్ళ దగ్గరికొస్తే తన్ని, పెళ్ళాం చేత మాటలు పడి, ఊరు మారి, తవుడు దుమ్ము పీలుస్తూ కూడా ఈ మనిషి మారలేదు. మేడమీద నలుగురైనా వినేవారు. ఇక్కడ వినేది ఎలుకలు.

అప్పుడే ఒక రైతు సైకిలు దిగి, తలగుడ్డ విప్పుకుంటూ బోర్డు వైపు తలెత్తి చూశాడు. పైనుంచి కిందికి, కూడబలుక్కుంటూ చదివాడు. యూరియాకి ధర ఉంది, డీఏపీకి ధర ఉంది, కింద వాటికి లేదు.

"బాబూ, ఈ డ్రెంచ్ మూట ఎంతండి?"

లక్ష్ముడు తల పట్టుకున్నాడు. మావ అప్పటికే బస్తా మీంచి లేచాడు. కుర్చీ లాగి, పైగుడ్డతో దాని మీది తవుడు దులిపాడు.

"కూకో మావా" అన్నాడు ఆ రైతుతో. "ముందు ఇది సెప్పు. ఎద్దుకి ఎప్పుడైనా మందు పట్టేవా?"

"పట్టకేటి? మొన్ననే పట్టేను" అన్నాడు రైతు, కూర్చుంటూ.

ఆ మనిషి ఏ ఎరువు కోసం వచ్చాడో నేనున్నంతసేపూ తేలలేదు.