నోరు విప్పని మెయిలు ప్రోగ్రాం

ఉద్యోగాన్ని ఒక్క ఎంటర్ నొక్కి ఊడగొట్టుకోబోయిన మనిషిని మీరు చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే. పేరు నాగేంద్ర. కంటిచూపు పుట్టుకతోనే లేదు. ఆ రోజుల్లో తెలివీ అంతంతమాత్రమే.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి బేతంచెర్లలో ఒక శెట్టిగారి నాపబండల కొట్లో పనికి కుదిరాను. బండలు చేత్తో తడిమి పాలిష్ ఎలా ఉందో చెప్పడం, కొట్టుకి వచ్చే మెయిళ్లు చూడడం నా పని. కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ ఉండేది. తెరమీద ఉన్నదాన్ని, జలుబు చేసిన గుమాస్తా గొంతుతో, పైకి చదివేది.

నాకు కంప్యూటర్ నేర్పింది కర్నూలు ఖాజా అన్న. ఆయనకీ చూపు లేదు. ఆయన పెట్టిచ్చిన మెయిలు ప్రోగ్రాం చూడ్డానికి గోనెసంచిలా ఉండేదట. కానీ ప్రతి గడినీ పేరుతో చదివేది. నాకది నామోషీ అయింది. పక్క కొట్టువాళ్లు రంగురంగుల కొత్త ప్రోగ్రాం పెట్టించుకున్నారని విని, నేనూ అదే పెట్టించి అన్నకి ఫోన్ చేశాను.

"ఎట్ల మాట్లాడతాంది?" అన్నాడు అన్న.

"బటన్, బటన్, బటన్ అంటాంది."

"ఏ బటనో చెప్తాందా?"

"అదొక్కటే చెప్పదు. మిగతాదంతా శానా బాగుండాది!"

"మిగతాది అంటే ఏముండాదప్పా? రంగులా? మనిద్దరం ఏం చేసుకుందామని? ఎవురికి పోతాందో చెప్పాల, కీబోర్డుతోనే పనంతా కావాల. అట్లాంటిదే మన మెయిలు. తీసెయ్ దాన్ని."

తీసేస్తానా? పెళ్లిచూపుల్లో ఒక్క మాటా మాట్లాడని పిల్లని మహా నెమ్మదస్తురాలని మురిసిపోయే వరుడిలా ఉన్నాను నేను. ట్యాబ్ మీట ఎన్నిసార్లు నొక్కితే ఏ గడిలో తేలతానో కంఠతా పట్టేశాను.

అప్పుడే అన్న కర్నూల్లో ఇల్లు కడుతూ బండలు అడిగాడు. కొత్తగా దిగిన సరుకు తడిమి చూస్తే నా వేళ్లే సిగ్గుపడ్డాయి. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా రాశాను: "అన్నా, ఇప్పుడొచ్చిన బండలు తీసుకోవద్దు. అంచులు ఎలుక కొరికిన అప్పడాల మాదిరి ఉండాయి. వచ్చే లోడు దాకా ఆగు." చిరునామాలో ఖాజా పేరు మొదటి అక్షరాలు కొట్టాను. మిగతాది ప్రోగ్రామే నింపుతుంది కదా! ఎంటర్ నొక్కి, దర్జాగా టీ తాగాను.

మర్నాడు పొద్దున అన్న ఫోన్. "ఏమప్పా, బండల సంగతి రాయనేలేదే?"

"నిన్ననే పంపినా గదన్నా!"

"నాకైతే రాలేదు. నాకే పోతాందని అది చెప్పిందా?"

"అది... బటన్ అనింది."

అన్నాక తట్టింది నాకు. ఆ అక్షరాలతోనే మొదలయ్యే పేరు ఇంకొకటుంది. ఖాదర్‌భాయ్. ఆలూరు నుంచి బెంగళూరు వెళ్లి ఇళ్లు కట్టించే పెద్దమనిషి. శెట్టిగారికి అందరికన్నా పెద్ద బేరం ఆయనదే. సరిగ్గా ఆ ఎలుక కొరికిన అప్పడాలే ఆయన కోసం బయట లారీకి ఎక్కుతున్నాయి!

పరుగున వెళ్లి చెబుదామని లేచేలోగా శెట్టిగారి ఫోన్ మోగింది.

"ఖాదర్‌భాయ్! ... మెయిలా? మా కొట్టు నుంచా? ... ఏమని? ... ఎలుక కొరికిన..."

ఆ తర్వాత శెట్టిగారు "ఊఁ" అన్నారు. మళ్లీ "ఊఁ" అన్నారు. ప్రతి 'ఊఁ'కీ నేను కుర్చీలో వేలెడు కిందికి జారాను. బేతంచెర్ల స్టేషన్లో రైలు ఎన్నింటికి ఉందో గుర్తుచేసుకున్నాను.

ఉన్నట్టుండి శెట్టిగారి గొంతు మారింది. "మా కొట్లో అంతే భాయ్! సరుకు బాగలేకుంటే మేమే ముందుగాల చెప్తాం. పిల్లోనికి నేనే చెప్పి రాయించినా. మంచి లోడు రాంగానే పంపుతా. ... ఇంకో మూడిండ్లకా? మా దగ్గరే తీసుకుంటారా? శానా సంతోషం!"

ఫోన్ పెట్టేసి, లారీ దగ్గరి కూలీలకి "దించండప్పా, దించండి!" అని కేకేసి, నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఏం నాగేంద్రా, అది ఎవురు రాయమనిరి?"

"ఎవురూ రాయమన్లేదు సార్. ఖాజా అన్నకి రాసింది ఆయనకి పోయింది. ఈ ప్రోగ్రాం ఎవురికి పోతాందో నాకు చెప్పదు. ఇప్పుడే మార్చేస్తా."

"మార్చేది ల్యా!" అన్నారు శెట్టిగారు. "నేను ముప్పై ఏండ్లుగా చెప్పలేని నిజం, నోరు లేకుండా అదే చెప్పేసింది. ఉండనీ!"

ఆ క్షణంలో నా గుండెమీంచి దిగిన బరువు ముందు లారీ లోడు ఏపాటిది? అయినా సాయంత్రానికల్లా కర్నూలుకి ఫోన్ చేసి, అన్న చెప్పినట్టే నొక్కుతూ గోనెసంచినే మళ్లీ పెట్టుకున్నాను.

కావున సకల జనులకు తెలియజేయునది ఏమనగా: ఎంత అందగత్తె అయినా సరే, నా మెయిలు ఎవరింటికి పోతోందో నా చెవిలో చెప్పని ప్రోగ్రాం మీద ఈ జన్మలో వేలు పెట్టను. శెట్టిగారి నిజాయితీ ఇకమీదట శెట్టిగారే చూసుకుందురుగాక.